జఠరములోని అజ్ఞాతవాసము

హైదరాబాదు–విజయవాడ రహదారిపై వెలసిన సూర్యాపేట, కోదాడలందుగాని, ధాన్యపు మిల్లులకు పేరువడిన మిర్యాలగూడయందుగాని, ఏ మందుల దుకాణముకడ నిలిచినను "గ్యాస్ గోలీ ఇయ్యి" అనుమాట చెవిని బడుచునే యుండును. ఆ గోలీ చాటున దాగియుండు రోగకారణము నెట్లు కనుగొందురో చూడగోరి, 2019లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైన సూర్యాపేటలోని యొక ఎండోస్కోపీ గదికి, అచ్చటి వైద్యుని యనుమతితో ఒకనాటి యుదయమున పోయితిని.

పరగడుపున వచ్చి బల్లపై కూర్చున్నవారిలో మిర్యాలగూడ మిల్లులో బస్తాలు మోయు నడివయస్కుడొకడుండెను. "రెండు ముద్దలు తింటే కడుపు నిండినట్టయితది సారూ, పొద్దంత తేన్పులే" అని యతడు చెప్పుకొనగా, వైద్యుడు మొట్టమొదట "గోలీలు బంద్ చేసి ఎన్ని రోజులైతంది?" అని యడిగెను. "పదిహేను రోజులైతంది, మీరు చెప్పిన కాడి సంది ముట్టలే" అని ప్రత్యుత్తరము.

ఆ ప్రశ్నకు గొప్ప ప్రయోజనము కలదు. ఆమ్లమును అణచు మాత్రలు మంటను చల్లార్చుటతోపాటు, హెలికోబాక్టర్ పైలోరి యను సూక్ష్మజీవిని పరీక్షకు చిక్కకుండ జేయవచ్చును. కావున వానిని రెండువారములును, యాంటీబయాటిక్కులను నాలుగువారములును మానిన పిమ్మటనే పరీక్షించుట విధి.

గొంతున మందు చల్లి, గొట్టమును లోనికి దింపగా, తెరపై ఎఱ్ఱబారిన జఠరకుడ్యము గోచరించెను. వైద్యుడు సన్నని పటకారుతో నూకగింజంత తునకలను గ్రహించి, వానిలో నొకదానిని యూరియా కలిపిన పసుపుపచ్చని జిగురుపదార్థమున నుంచెను. ఈ జీవి యూరియేజ్ అను ఎంజైముతో యూరియాను విడగొట్టి, పుట్టిన అమ్మోనియానే కవచముగా ధరించి, ఘోరమైన ఆమ్లమధ్యమున జీవించును. ఆ కవచమే యిప్పుడు దాని నెలవును చాటినది. కొంతసేపటికి తునకచుట్టును గులాబివర్ణము వ్యాపించెను.

జఠరామ్లమున ఏ జీవియు బ్రతుకజాలదని వైద్యలోకము చిరకాలము విశ్వసింపగా, ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున 1982లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లు దీనిని పెంచి చూపిరి. 1984లో మార్షల్ తానే దానిని త్రాగి జఠరశోథమునకు గురియయ్యెను. 2005లో వారికి నోబెల్ బహుమతి లభించెను. జఠరవ్రణములకే గాక క్యాన్సరునకును ఇది హేతువని 1994లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ నిర్ధారించినది.

అజీర్తి యెల్ల దీనివలననే కలుగదు. ప్రతివానికిని గొట్టము వేయనక్కరయు లేదు. ప్రమాదచిహ్నములు లేని యువజనులకు మలపరీక్షయో, శ్వాసపరీక్షయో చాలును. బరువు తగ్గుట, నల్లని విరేచనము, మ్రింగుట కష్టమగుట, వాంతులు మానకుండుట కానవచ్చినచో ఎండోస్కోపీకి జాగుచేయరాదు.

"14 రోజులు ఒక్క పూట గూడ తప్పొద్దు, తగ్గిందని నడుమ ఆపితే పురుగు మొండిదైతది" అని వైద్యుడు ఆ మిల్లుకూలికి మందులు వ్రాసియిచ్చి హెచ్చరించి, చికిత్స ముగిసిన నెలదాటిన పిదప మరల పరీక్షకు రమ్మనెను. మంట చల్లారినంతమాత్రమున రోగము పోయినట్లు కాదు. ఈ మూడు పట్టణములందును, కూలిపని చేయు నిరుపేదకు సైతము మలపరీక్ష యుచితముగా లభించు నేర్పాటు కావలెననియు, సంవత్సరములకొలది గోలీ మ్రింగువాడు ఒక్కమారైనను కారణము నడుగవలెననియు నా దృఢవిశ్వాసము.