నెక్స్ట్ స్టేషన్... గాంధీభవన్!

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కడం, అమీర్‌పేట్‌లో మారడం, రాయదుర్గంలో దిగడం. మూడేళ్లుగా నాకు తెలిసిన హైదరాబాద్ ఇంతే. మధ్యలో స్టేషన్లన్నీ అనౌన్స్‌మెంట్‌లో వినిపించే పేర్లే. గాంధీభవన్‌లో అయితే ఒక్కసారే దిగాను, అదీ జనవరిలో నుమాయిష్‌కి.

కిందటి సెప్టెంబర్‌లో ఉద్యోగం పోయింది. 15 నిమిషాల వీడియో కాల్, సాయంత్రానికి లాప్‌టాప్ వాపసు. అంతే. అమ్మకి చెప్పలేకపోయాను. నాన్న పోయాక నల్గొండ నుంచి నా దగ్గరికే వచ్చేసింది తను. ఇంకో జాబ్ దొరికాక చెబుదాంలే అనుకున్నా. తెల్లారి ఎప్పట్లాగే బాక్స్ కట్టింది, నేనూ ఎప్పట్లాగే బ్యాగ్ తగిలించుకుని మెట్రో ఎక్కాను. కానీ రాయదుర్గం దాకా వెళ్లి ఏం చేయాలి? గాంధీభవన్‌లో తలుపులు తెరుచుకోగానే దిగేశాను.

కాస్త నడిస్తే మొజంజాహి మార్కెట్. ఏడో నిజాం రెండో కొడుకు పేరు మీద 1935లో రాతితో కట్టింది. ఒకప్పుడు ఊరి పండ్ల మార్కెట్ ఇదేనట. తర్వాత అది గడ్డిఅన్నారం, అంటే మా ఇంటి పక్కకే వెళ్లిపోయింది. పండ్లు పోయినా పండ్ల ఐస్‌క్రీమ్ షాపులు మిగిలాయి. సీజన్ కదా, ఎక్కడ చూసినా సీతాఫల్. ఓ పక్క అత్తరు దుకాణాలు. కొనకపోయినా ఫర్లేదంటూ మణికట్టు మీద ఒక చుక్క రాసి పంపించారు.

ఎదురుగా కరాచీ బేకరీ. దేశ విభజనప్పుడు అన్నీ వదిలేసి వచ్చిన సింధీ కుటుంబం 1953లో పెట్టింది. వాళ్ల కథ తలుచుకుంటే ధైర్యం వచ్చిందని చెబితే అబద్ధమే. ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా చూసి, జీతం లేదు కదా ఇప్పుడెందుకులే అని లెక్కేసుకుని ముందుకెళ్లాను.

చివరికి నా బడ్జెట్‌కి సరిపోయింది సందులో ఉన్న ఓ ఇరానీ హోటల్. ఒక పెద్ద గిన్నెలో డికాషన్ మూత పెట్టి గంటలకొద్దీ మరుగుతుంటుంది. ఇంకో గిన్నెలో పాలు చిక్కబడుతుంటాయి. కప్పులో పడేదాకా రెండూ కలవవు. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లతో మూల టేబుల్ దగ్గర కూర్చుని ఫోన్‌లోనే అప్లికేషన్లు పెట్టేవాణ్ని. లేవమని ఎవరూ అనలేదు. నాలుగో రోజు నుంచి ఆర్డర్ చెప్పకముందే చాయ్ వచ్చేసేది. మూడేళ్లు పనిచేసిన ఆఫీసు కెఫెటేరియాలో నేనేం తాగుతానో ఎవరికీ తెలీదు!

రెండు వారాలయ్యాక కౌంటర్ దగ్గర పెద్దాయన అడిగాడు.

"క్యా బేటా, బ్యాగ్ ఖాలీ?"

బిత్తరపోయాను. ఎలా తెలిసిందన్నాను.

"లాప్‌టాప్ ఉన్నోళ్లు బ్యాగ్‌ని ఒళ్లో పెట్టుకుంటరు. నువ్వు కాళ్ల కాడ పడేస్తవ్."

మొత్తం చెప్పేశాను. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు ఆయన. "అమ్మీకి ఎరుకేనా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. "ముందు ఆమెకు చెప్పు. చాయ్ ఎక్కడికీ పోదు."

ఆ రాత్రే చెప్పాను. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. "నాకెందుకు చెప్పలే బిడ్డా?" అంది. తర్వాత, "మరి రోజూ బాక్స్ యాడ తిన్నవ్?" అని అడిగింది. చెబితే నమ్మలేదు. ఆదివారం తీసుకెళ్లాను. చాయ్ సాసర్‌లో పోసుకుని తాగింది. నేను వద్దన్నా వినకుండా సీతాఫల్ ఐస్‌క్రీమ్‌కి డబ్బులు తనే ఇచ్చింది. పెద్దాయనకి నమస్తే చెప్పి, "రేపట్నుంచి ఇంట్లనే కూసుంటడు లెండి" అంది. ఆయన నవ్వాడు.

డిసెంబర్‌లో కొత్త ఉద్యోగం వచ్చింది. మళ్లీ అదే రాయదుర్గం, అదే రష్. బ్యాగ్ ఇప్పుడు బరువుగానే ఉంటోంది. శుక్రవారం సాయంత్రాలు మాత్రం గాంధీభవన్‌లో దిగుతాను. ఆ మూల టేబుల్ ఖాళీగా లేకపోతే నిలబడే తాగుతా. మొన్నొకరోజు మరో కుర్రాడు అక్కడ కూర్చుని ఉన్నాడు. బ్యాగ్ కాళ్ల దగ్గరుంది. పెద్దాయన నా వైపు చూశాడు. నా చాయ్ పట్టుకుని ఆ టేబుల్ దగ్గరికే వెళ్లి కూర్చున్నా.