బూస్టరుకు కరెంటు పోతే?

నేను బి.కాం. వాణ్ణి. రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా బిల్లులు సరిచూసి రిటైరయ్యాను. రేడియో ఇంజనీరింగు నా సబ్జెక్టు కాదు. అయినా మా అల్లుడి రేడియోల విషయంలో వేలు పెట్టాల్సి వచ్చింది.

అమ్మాయి వాళ్ళుండేది టెక్సాస్‌లో, డాలస్ దగ్గర. అక్కడ వసంతకాలం వస్తే టోర్నడోల భయం. ప్రభుత్వ వాతావరణ రేడియో 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ దాకా ఏడు ఛానెళ్ళలో హెచ్చరికలు ఇస్తుంది. అల్లుడి దగ్గర మూడు స్కానర్లున్నాయి. ఒకటి ఈ హెచ్చరికలకు, మిగతా రెండూ విమానాల మాటలు వినడానికి. మూడింటికీ అటక మీద ఒకటే ఏరియల్. దానికి 30 డెసిబెళ్ళ బూస్టరు, తర్వాత నాలుగు దారుల స్ప్లిటరు. ఇంత చేసినా గరగరే! మధ్యలో ఎఫ్.ఎం. పాటలు కూడా.

"ఇంకా పెద్ద బూస్టరు కొంటే సరిపోతుంది మామయ్యా" అన్నాడు.

రెండు రోజులు చదివి, కాగితం మీద పద్దు రాశాను. డెసిబెళ్ళంటే మనకు అలవాటైన కూడికలు, తీసివేతలే. నాలుగు దారుల స్ప్లిటరు ఖర్చు సుమారు 7. రెండు దారులదైతే 3.5. ఈ ఖర్చుకు 30 జమ ఎందుకు? పైగా బూస్టరు సిగ్నల్‌తో పాటు రొదనూ పెంచుతుంది, తన రొద కొంత కలుపుతుంది. నోట్లు అచ్చేస్తే సరుకు పెరగదు కదా! 30 డెసిబెళ్ళంటే వెయ్యి రెట్లు. 88-108 మధ్య ఉన్న బలమైన ఎఫ్.ఎం. స్టేషన్లు అన్ని రెట్లు పెరిగితే బూస్టరు తట్టుకోలేక, లేని చోట కూడా స్టేషన్లు పుట్టిస్తుంది.

ఆడిట్ అలవాటు కొద్దీ ఇంకో ప్రశ్న అడిగాను. "గాలివానకు కరెంటు పోతే?"

"స్కానర్లో బ్యాటరీ ఉంది మామయ్యా."

"బూస్టరులో?"

అల్లుడు మాట్లాడలేదు. ప్లగ్ పీకి చూశాం. వాతావరణ స్కానర్ వెలుగుతూనే ఉంది, ఒక్క ముక్క వినిపించలేదు. కరెంటు లేని బూస్టరు సిగ్నల్‌ని వదలదు. అంటే సరిగ్గా అవసరమైన రాత్రే ఆ ఇల్లు చెవిటిదవుతుంది. పక్క గదిలో మనవరాలు నిద్రపోతోంది.

ఆ పూటే వాతావరణ స్కానరుకు దాని సొంత ఏరియల్ తగిలించాం. బాగానే వినిపించింది. మిగతా రెండింటికీ రెండు దారుల స్ప్లిటరు, ఎఫ్.ఎం.ని ఆపే ఫిల్టరు, ఏరియల్ పక్కనే 10 డెసిబెళ్ళ చిన్న ఆంప్లిఫయరు. కేబుల్ నష్టానికి ముందే పెంచుకోవాలి, తర్వాత పెంచితే రొదే మిగులుతుంది. బూస్టరు లేకుండా కూడా విని చూశాం. దూరపు విమానాలు వినిపించలేదు. కాబట్టి ఆంప్లిఫయరే దండగన్న నా మొదటి అభిప్రాయం కూడా తప్పే.

తాయెత్తు కట్టుకున్నవాణ్ణి ఋజువేదని అడుగుతాం. మన ఇంట్లో పచ్చ దీపం వెలిగే పెట్టెను మాత్రం అడగం. దాన్నీ ఒకసారి ప్లగ్ పీకి అడగండి.