నచ్చదనుకున్న ద్రాక్ష

వైన్ గురించి రాయడానికి కూర్చుంటే కొంచెం జంకుగానే ఉంది. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక ఆ కదలిక చుట్టుపక్కల ఊళ్లకూ పాకింది. మా ఊళ్లో సారా బండికి అడ్డం నిలబడ్డ వాళ్లలో అమ్మ కూడా ఉంది. నాకప్పుడు ఐదేళ్లు. నినాదాలేవీ గుర్తులేవు. వీధి మధ్యలో కుప్పపోసి తగలబెట్టిన సారా పాకెట్ల వాసన మాత్రం గుర్తుంది. కాలిన ప్లాస్టిక్, సారా కలిసిన ఘాటు.

చదువు, పిహెచ్.డి., సదస్సులు... ఆ దారిలో ఎప్పుడో వైన్ అలవాటయింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇంత తటపటాయింపు ఎందుకో! అయితే పినోటాజ్ మాత్రం నా వల్ల కాలేదు. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఎర్ర వైన్ ద్రాక్ష అది. రెండుసార్లు రుచి చూశాను. రెండుసార్లూ కాలిన రబ్బరు వాసన, గోళ్లరంగు తుడిచే మందు వాసన. గ్లాసు పక్కన పెట్టేశాను. “నాకది పడదు” అని నలుగురిలో చెప్పడం కూడా నేర్చుకున్నాను. అలా చెప్పడంలో కాస్త గొప్ప కూడా ఉంటుంది కదా.

ఆడకూలీల జీవిత కథనాల మీద సదస్సుకని కేప్‌టౌన్ దగ్గరి స్టెల్లెన్‌బాష్ వెళ్లాను. అక్కడ సాహిత్యం చెప్పే ఒకామె స్నేహితురాలైంది. ఓ సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి, పేరు చెప్పకుండా గ్లాసులో వైన్ పోసి ఇచ్చింది. కొద్దిగా చల్లగా ఉంది. ముందు పండు వాసన. తర్వాత ఉప్పేసిన నేరేడుపళ్లు తిన్నాక నాలుక మీద నిలిచే వగరు. బాగుంది. ఇంకొంచెం పొయ్యమన్నాను. అప్పుడు సీసా తిప్పి చూపించింది. పినోటాజ్!

నా మొహం చూసి ఆమె నవ్వింది. “తప్పు పండుది కాదు” అంది. ఆ ద్రాక్ష పులిసేటప్పుడు వేగంగా వేడెక్కుతుందట. వేడిని అదుపులో పెట్టకపోతే ఆ ఘాటు వాసనలు వస్తాయి. ఇది మాత్రం పందిరి లేకుండా పొదల్లా పెరిగిన ముసలి తీగల పండు. వేడి కాకుండా పులియబెట్టారు, చెక్క పీపాల వాసన అంటనివ్వలేదు.

1925లో స్టెల్లెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో పెరోల్డ్ అనే ఆచార్యుడు పినో న్వార్‌నీ సిన్సోనీ కలిపి సృష్టించిన రకం ఇది. సిన్సోని అక్కడ హెర్మిటేజ్ అనేవాళ్లు. రెండు పేర్లూ కలిపి పినోటాజ్ అయింది. పెరోల్డ్ నాటిన మొలకలు నాలుగే. ఆయన వెళ్లిపోయాక కలుపుతో పాటు పోవలసినవాటిని ఓ యువ అధ్యాపకుడు కాపాడాడు.

ఇదంతా ఉత్సాహంగా చెప్పిన ఆమె కాసేపు ఆగి, “మా అమ్మ ఈ ద్రాక్షే కోసేది. ఈ రుచి మాత్రం ఎరగదు” అంది.

అక్కడి తోటల్లో కూలిలో కొంత భాగం చౌకరకం వైన్‌గా ఇచ్చేవాళ్లు. దాన్ని డాప్ అంటారు. పొద్దున మొదలుపెట్టి రోజుకు ఇన్ని విడతలని పోసేవాళ్లు. 1960ల్లో చట్టం నిషేధించినా కొన్ని తోటల్లో 1990ల దాకా సాగింది. తల్లి కడుపులోనే మద్యం తగిలి దెబ్బతిన్న పిల్లలు ప్రపంచంలో ఎక్కువగా నమోదైన ప్రాంతాల్లో అదీ ఒకటి. ఇల్లు మగవాడి ఉద్యోగంతో ముడిపడి ఉండేది. అతన్ని తీసేస్తే ఆమెకి గూడూ పోయేది. తాగి కొట్టినా ఆ ఇల్లు వదిలి ఎక్కడికి పోతుంది? మా ఊరి సారా కథ కన్నా ఇది ఒక మెట్టు కింద. మా దగ్గర కూలి చేతికొచ్చాక సారా కొట్టుకి పోయేది. అక్కడ కూలే సారా.

గ్లాసు కింద పెట్టాను. “తాగు. నువ్వు మానేస్తే మా అమ్మ కూలి పెరగదు” అంది ఆమె. ఆ తర్వాత ఎన్ట్సికి బియెలా గురించి చెప్పింది. క్వాజులు-నేటాల్ పల్లె నుంచి, వైన్ రుచే తెలియకుండా స్టెల్లెన్‌బాష్‌కి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి. 2004లో వైన్ తయారీలోకి అడుగుపెట్టింది. ఆ దేశంలో ఆ పని చేపట్టిన తొలి నల్లజాతి మహిళ. 2016లో అస్లీనా అని అవ్వ పేరుతో సొంతంగా వైన్ మొదలుపెట్టింది.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను, తాగిన సంగతితో సహా. కాసేపు పలకలేదు.

“బాగుండిందా?” అంది చివరికి.

“బాగుందమ్మా.”

“సర్లే. మేం అడ్డం పడింది ద్రాక్ష చెట్టుకా? కూలిడబ్బులు ఇంటికి రావాలనే గదా.” మళ్లీ ఆగి, “ఎక్కువ తాగబాకమ్మా” అంది.

రెండు రోజుల తర్వాత ఇంకో పినోటాజ్ సీసా కొన్నాను. కాలిన రబ్బరు వాసనే! అయినా ఈసారి పడదని తోసెయ్యలేదు. ఎవరు చేశారో, పండు ఎవరు కోశారో, వాళ్లకేం ముట్టిందో అడగాలనిపించింది. కొట్టతను ముందు రెండింటికీ జవాబు చెప్పాడు.