పైపందెం ఖరీదు

గోవా ప్రయాణానికి ముందు సింగరాయకొండ శనగల వ్యాపారి ఒకాయన కొట్లో కాటా పక్కన కూర్చుని కాగితం మీద లెక్క వేశాడు. మాండవి నది మీది కాసినోల్లో ఆడే బ్లాక్‌జాక్‌లో ఏ పందెం ఎంతకు పడుతుందన్నదే ఆ లెక్క.

పడిన ముక్కలు గుర్తుంచుకోవడం ఆయనకు కొత్త కాదు, రమ్మీ ఆడిన చేయి. రమ్మీలో ఆ జ్ఞాపకం కావాలి కాబట్టే అది ప్రధానంగా నైపుణ్యం ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణల మధ్య కేసులోనే. అంతకు ముందే, 1962లో, అమెరికా గణితవేత్త ఎడ్వర్డ్ థోర్ప్ 'బీట్ ద డీలర్' రాశాడు. చిన్న ముక్కలు వెళ్లిపోతే మిగిలినవాటిలో పదులూ ఆసులూ చిక్కబడి బ్లాక్‌జాక్ ఆటగాడి వైపు మొగ్గుతుందని చూపించాడు.

కోడిపందేల బరి చుట్టూ నడిచినట్టే బ్లాక్‌జాక్ బల్ల మీదా పైపందేలుంటాయి. మొదటి రెండు ముక్కలూ జతపడతాయని కాసే జతల పందెం తీసుకుందాం. ఆరు పేకల ఆటలో మొదటి ముక్క ఇస్పేటు రాణి. మిగిలిన 311లో ఇస్పేటు రాణులు 5, కళావరు రాణులు 6, ఎర్ర రాణులు 12. వీటికి వరసగా 25, 12, 6 రెట్లు ఇస్తే వచ్చేది 269, పోయేది 288. వెయ్యికి సగటున 61 రూపాయల నష్టం. థోర్ప్ లెక్క ఇక్కడ అక్కరకు రాదు. పదులు ఎన్ని మిగిలాయో తెలిసినంత మాత్రాన జత పడుతుందో లేదో తెలియదు. అసలు ఆటలో ఎంత ఆరితేరినా ఈ పైపందేనికి ఆ తెలివి అరువు దొరకదు.

ఇన్సూరెన్స్ పందెం తీరు వేరు. డీలర్ ముందు ఆసు ఉన్నప్పుడు మూసిన ముక్క పది విలువదైతే రెండింతలిస్తారు. మిగిలినవాటిలో పదులు మూడో వంతు దాటితేనే గిట్టుబాటు. మొదట్లో 311కి 96 ఉంటాయి, వెయ్యికి 74 నష్టం. సగం ముక్కలు అయ్యాక 156లో 55 మిగిలితే వెయ్యికి దాదాపు 58 లాభం.

ఆ లాభం మీద పన్ను కూడా వేసి చూశాడాయన. అప్పటికి అమల్లో ఉన్న 1961 ఆదాయపన్ను చట్టం పేకాట గెలుపు మీద 30 శాతం తీసుకునేది, ఓడిన సొమ్మును అందులోంచి మినహాయించనిచ్చేది కాదు. రెండు వేల గెలుపులో చేతికొచ్చేది 1,400. 55 గెలుపులకు 77,000, 101 ఓటములకు 1,01,000. సెస్సు కలపకముందే వెయ్యికి 154 నష్టం!

నేస్తాలతో కాసినోకు వెళ్లాడు, బల్ల పక్కన నిలబడి ఆట చూశాడు. పేకకని తీసి ఉంచిన డబ్బు మాత్రం కోల్డ్ స్టోరేజీలోని శనగ బస్తాల మీద తెచ్చిన అప్పులో అసలు కింద జమ వేశాడు.