వాన్ సరస్సు ఒడ్డున ఒక అమానత్

తుర్కియే తూర్పు కొసన, ఇరాన్ సరిహద్దుకు చేరువలో, పర్వతాల నడుమ ఒక ఉప్పునీటి సరస్సు ఉంది. దాని పేరు వాన్. అక్కడి ప్రజలలో చాలామంది దానిని సరస్సు అనరు, సముద్రం అనే అంటారు. గత జూన్ మాసంలో తొలిసారి ఆ ఒడ్డున నిలిచినప్పుడు మాకు కూడా ఆ మాటే సబబనిపించింది. ఆవలి తీరం కనిపించదు. ఉత్తరాన 4,058 మీటర్ల సుప్హాన్ పర్వతం మంచు తలపాగాతో నిలిచి ఉంటుంది. నీరు మాత్రం గంటకొక రంగు మారుతూ, ఒకసారి నీలంగా, మరొకసారి ఆకుపచ్చగా మెరుస్తుంది.

సముద్రమట్టానికి 1,640 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న ఈ జలరాశి వైశాల్యం సుమారు 3,700 చదరపు కిలోమీటర్లు. అత్యధిక లోతు 451 మీటర్లు. పూర్వం పడమటివైపు నెమ్రూత్ అగ్నిపర్వతం నుండి పారిన లావా నీటి దారిని మూసివేసిందని భూశాస్త్రవేత్తలు చెబుతారు. మనం నమ్రూద్ అని పలికే పేరే అది. నాటి నుండి ఏరులు లోనికి రావడమే గాని, నీరు వెలుపలికి పోయే మార్గం లేదు. ఎండకు ఆవిరైన నీరు పోగా లవణాలు, సోడా మిగిలిపోయి, ఇది ప్రపంచంలోకెల్లా పెద్ద సోడా సరస్సు అయింది. లీటరు నీటిలో సుమారు 22 గ్రాముల లవణాలు ఉంటాయి.

అస్ర్ వేళకు మేము ఆ నీటితోనే వుజూ చేసుకున్నాము. వేళ్లు సబ్బు రాసుకున్నట్లు జారాయి. సముద్రపు నీరు పరిశుద్ధమని దైవప్రవక్త (స) బోధించిన విషయం తలచుకుంటూ ఒడ్డునే జమాఅత్‌గా నమాజు చేశాము. మాతో నిలిచిన స్థానికులు ఇక్కడి కుర్దులలో అత్యధికుల వలె షాఫిఈలు. వారు రుకూకు వెళ్లేటప్పుడు చేతులెత్తారు, మేము ఎత్తలేదు. ఖిబ్లా మాత్రం అందరికీ ఒక్కటే. మన ఊళ్లో తూర్పున ఉదయించే సూర్యునికి వీపు చూపి నమాజు చేసే మేము, ఇక్కడ దక్షిణానికి తిరిగి నిలబడ్డాము.

ఈ సరస్సు చుట్టూ జీవితం నాలుగు ఋతువులను బట్టి నడుస్తుంది. శీతకాలంలో కొండలు, కనుమలు మంచుతో నిండిపోయినా, ఉప్పు వలన విశాలమైన సరస్సు గడ్డకట్టదు. వసంతంలో మంచు కరిగి ఏరులు పొంగుతాయి. గొర్రెల మందలు పై మేతలకు సాగుతాయి. కొండల మీద మొలిచే ఘాటైన ఆకుకూరలను స్త్రీలు ఏరి తెచ్చి, జున్నులో కలిపి ఏడాదికి సరిపడా భద్రపరుస్తారు. చిత్తడి నేలల్లో రాజహంసలు దిగుతాయి. శరదృతువులో పడవలు చేపల వేటకు వెళతాయి. ఆ చేపలను ఉప్పులో ఊరవేసి చలికాలానికి దాచుకుంటారు. వాటిని కాల్చే పొయ్యిని తందిర్ అంటారు. మన తందూరుకు అది సోదరి.

ఆ చేప పేరు ఇంజి కెఫాలి. జానెడు పొడవు, వెండి మెరుపు. మన బొచ్చె, రోహు చేపలకు బంధువే. సరస్సు అంతటా జీవించగల చేప ఇదొక్కటే అనవచ్చు. ఈ సరస్సు పరిసరాలే దాని సహజ నివాసం. ఉప్పునీటిలో పెరిగే ఈ చేప గుడ్లు మాత్రం ఆ నీటిలో బతకవు. అందువలన ఏటా ఏప్రిల్ నుండి జులై వరకు అది మంచినీటి ఏరులలోకి ఎదురీదుతుంది. ముందుగా ఏటి ముఖద్వారం దగ్గర, ఉప్పునీరు తీపినీటిలో కలిసే చోట, గుంపులుగా కొంతకాలం ఆగుతుంది. శరీరం కొత్త నీటికి అలవాటుపడిన పిదపనే పైకి సాగుతుంది. రెండు జలాలను, వాటి మధ్య హద్దును గూర్చి దివ్యఖుర్ఆన్‌లో చదివిన మాకు ఆ హద్దు వద్ద వేచివున్న ప్రాణిని చూడటం గొప్ప అనుభవం.

మరునాడు ఉదయం వాన్ నగరం నుండి బయలుదేరి ఎర్జిష్ పట్టణం చేరాము. 2011 అక్టోబరు 23న వచ్చిన భూకంపానికి అధికంగా నష్టపోయిన పట్టణమిది. దాని చెంతనే దెలిచాయ్ అనే ఏరు పారుతుంది. ఆ పేరుకు వెర్రి ఏరు అని అర్థం. ఒక చిన్న అడ్డుకట్ట మీదుగా నీరు నురగలు కక్కుతూ దూకుతుండగా, ఆ దూకే నీటికి ఎదురుగా వేల చేపలు గాలిలోకి ఎగురుతున్నాయి. కొన్ని పై అంచు దాటుతాయి. కొన్ని రాతికి కొట్టుకొని వెనక్కి పడి, మళ్లీ ఎగురుతాయి. తలపై గిరికీలు కొడుతున్న పక్షులు వాటిలో కొన్నింటిని గాలిలోనే అందుకుంటున్నాయి. సుబ్‌హానల్లాహ్ అనకుండా ఉండలేకపోయాము.

ఒడ్డు పక్కన లోతు లేని చోట చేపలు ఎంత దట్టంగా ఉన్నాయంటే, వల గాని గాలం గాని అక్కరలేదు. మాతో వచ్చిన పదేళ్ల బాలుడు వంగి రెండు చేతులతో ఒక చేపను ఇట్టే పట్టుకున్నాడు. గర్వంగా పైకెత్తి మాకు చూపాడు. నిజం చెప్పాలంటే, మా పెద్దలలో సైతం కొందరు దాని రుచిని గూర్చి మాట్లాడుకుంటున్నారు. అప్పుడు పక్కనే కూర్చున్న ఒక వృద్ధుడు లేచి వచ్చి, కోపం లేకుండా బాలుని భుజం మీద చేయి వేశాడు. “ఓలుమ్” అన్నాడు. నాయనా అని దాని అర్థం. ఆ పిదప చేపను, ఏటిని, ఆకాశాన్ని చూపి ఒకే మాట అన్నాడు. “ఎమానెత్.”

ఆ మాటకు దుబాసీ అవసరం లేకపోయింది. మన ఇళ్లలో చిన్నప్పటి నుండి వినే అమానత్ అనే పదమే అది. బాలుడు చేపను నీటిలో వదిలాడు. వృద్ధుడు అతని తడి చేతులను తన రుమాలుతో తుడిచాడు.

అక్కడ ఏప్రిల్ 15 నుండి జులై 15 వరకు ఈ చేపను పట్టడం, అమ్మడం నిషిద్ధం. కాని ఈ నిషేధం కాగితం మీది నుండి మనసుల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది. 1990ల వరకు వేటలో చాలా భాగం ఈ గుడ్ల కాలంలోనే జరిగేది. ఏటిలో బుట్ట ముంచితే నిండే చేప కోసం శరత్కాలపు అలల మీదికి ఎవరు పోతారు? గుడ్లతో ఉన్న తల్లి చేపలు బస్తాలకెత్తబడి, చేపలు ఏటేటా తగ్గసాగాయి. వాన్‌లోని యూజున్‌జు యిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ప్రొఫెసర్ ముస్తఫా సారీ వంటివారు ఏళ్ల తరబడి మత్స్యకారులకు నచ్చజెప్పారు. గుడ్ల కాలంలో ఓపిక పడితే మిగతా కాలమంతా సరస్సులోనే న్యాయమైన వేట దొరుకుతుందని వివరించారు. రక్షక దళాల గస్తీ కూడా తోడయింది. క్రమంగా చేప కోలుకుంది. ఒకనాడు బస్తాలతో వచ్చిన జనం నేడు పిల్లలను వెంటబెట్టుకొని చేపల ఎగురుడు చూడటానికి వస్తున్నారు.

ఆ సాయంత్రం మేము సూరా అల్ ఆరాఫ్‌లోని శనివారపు ప్రజల వృత్తాంతాన్ని జ్ఞాపకం చేసుకున్నాము. సముద్రతీరంలోని ఆ పట్టణవాసులకు వేట నిషిద్ధమైన రోజునే చేపలు నీటి పైకి కనిపించేవి, తక్కిన రోజుల్లో వచ్చేవి కావు. వారు దానిని పరీక్షగా గుర్తించక హద్దు మీరారు. శుక్రవారం వలలు పన్ని ఆదివారం తీసుకునే ఉపాయం పన్నారని వ్యాఖ్యాతలు వివరించారు. ఆ పట్టణంలో హద్దు మీరినవారే కాక, వారించినవారు ఉన్నారు, వారించి ఏం లాభమని పలికినవారు కూడా ఉన్నారు. కాపాడబడినవారిగా ఖుర్ఆన్ వారించినవారినే పేర్కొన్నది. కరువులో ఓపిక పట్టడం ఒక పరీక్ష అయితే, చేతికి అందినదాని నుండి చేయి వెనక్కి తీసుకోవడం మరొక పరీక్ష. దెలిచాయ్ ఒడ్డున ఆ వృద్ధుడు నిలిచినది వారించినవారి పక్షాన.

అయితే ఆ పరీక్ష అంతటితో ముగియలేదు. ఇటీవలి సంవత్సరాల అనావృష్టితో వాన్ నీటిమట్టం తగ్గి, కొన్నిచోట్ల తీరం చాలా దూరం వెనక్కి జరిగింది. సూక్ష్మజీవుల చర్య వలన నీటి అడుగున యుగాలుగా పెరిగిన సున్నపు స్తంభాలు కొన్ని ఇప్పుడు పొడి నేల మీద బయటపడ్డాయి. మంచు తక్కువైతే ఏరు సన్నబడుతుంది. సన్నబడిన ఏటి నుండి పొలాలకు ఎక్కువ నీరు మళ్లిస్తే చేప ఎక్కడానికి దారి ఉండదు. చుట్టూ ఉన్న పట్టణాల మురుగు లోనికి చేరితే, బయటికి పోయే దారి లేని సరస్సు దానిని తనలోనే మోయాలి. చేపను వదిలిన చేయి కుళాయిని కూడా కట్టవలసి ఉంది. పారే ఏటి ఒడ్డున ఉన్నా వుజూలో నీరు వృథా చేయరాదన్న బోధ మనకు ఉన్నదే.

తిరుగు ప్రయాణంలో మా మాటలు గోదావరి వైపు మళ్లాయి. సముద్రపు ఇలస వానాకాలపు వరదలో గోదావరికి ఎదురీది పులస అవుతుంది. అదీ గుడ్లు పెట్టడానికి వచ్చే తల్లి చేపే. పుస్తెలమ్మి అయినా పులస తినాలని మనవారు మురిసిపోతారు, వేలు పోసి కొంటారు. పైన ధవళేశ్వరం ఆనకట్ట, కింద వలలు. ఏటికేడు పులస అరుదవుతోంది. మన తూర్పు తీరంలో కూడా ఏప్రిల్ 15 నుండే, జూన్ 14 వరకు, మర పడవల వేటకు విరామం ఉంది. వాన్ వారి నిషేధం, మనది ఒకే రోజున మొదలవుతాయి. ఆ విరామం ముగిశాక వరదతో వచ్చే తల్లి చేపను గూర్చి మాత్రం మనం ఆలోచించము. పట్టింది మేము కాదు, కొన్నామంతే అని తప్పుకోవడం కూడా శుక్రవారం పన్నిన వల వంటిదేనేమో.

ఇల్లు చేరాక ఆ బాలుడు అమ్మమ్మకు ప్రయాణ విశేషాలన్నీ చెప్పాడు. చేపను పట్టానని చెప్పాడు, వదిలానని చెప్పాడు. “మరి రుచి చూడలేదా నాన్నా?” అని ఆమె అడిగింది. “అది మనది కాదు నానీ, అమానత్” అన్నాడు వాడు.