నా దాంట్లో వస్తోందే!

మా టీమ్‌లో అందరివీ మ్యాక్‌లే. బిల్డ్ స్క్రిప్ట్ రాసింది నేను. మూడేళ్లు ఎవరూ దాని వంక చూడలేదు. బిల్డ్ స్క్రిప్ట్‌కి అంతకన్నా పెద్ద మెప్పు ఉండదు.

అప్పుడొక అమ్మాయి ఇంటర్న్‌గా చేరింది. ఆఫీసు లాప్‌టాప్ ఇంకా చేతికి రాక, కాలేజీలో కొనుక్కున్న విండోస్ మెషిన్ తెచ్చుకుంది. మొదటిరోజే బిల్డ్ ఫెయిలైంది. "నా దాంట్లో వస్తోందే!" అన్నాను, తలెత్తకుండానే. ఇంకేం అడగలేదు. మూడు రోజులు నోడ్ తీసేసి మళ్లీ ఎక్కించుకుంటూ కూర్చుంది. నాలుగో రోజు మెల్లగా వచ్చి, "అన్నా, తప్పు నాదేనేమో, ఒకసారి చూస్తారా?" అంది.

చూశాను. తప్పులన్నీ నావే.

పాత ఫోల్డర్ చెరపడానికి 'ఆర్ఎమ్' అని రాసేశాను. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌కి ఆ మాటే తెలీదు. ఫోల్డర్ దారిని స్లాష్ దగ్గర ముక్కలు చేశాను. అక్కడ ఉండేది బ్యాక్‌స్లాష్. దానికో పాత కథ ఉంది. 1981 నాటి తొలి డాస్‌లో ఫోల్డర్లు లేవు, స్లాష్‌ని కమాండ్ల ఆప్షన్లకి వాడేసుకున్నారు. 1983లో ఫోల్డర్లు వచ్చేసరికి ఆ గుర్తు దొరక్క బ్యాక్‌స్లాష్‌తో సర్దుకున్నారు. కాబట్టి నేరం కాస్త డాస్ మీదికి నెట్టొచ్చు.

చివరి ఎర్రర్‌కి ఆ వీలూ లేదు. ఆ అమ్మాయి యూజర్ ఫోల్డర్ తన పేరుతోనే ఉంది. రెండు ముక్కల పేరు, మధ్యలో ఖాళీ. నా స్క్రిప్ట్ దాన్ని కోట్స్‌లో పెట్టలేదు. మొదటి ముక్క దగ్గరే ఆగి, అలాంటి కమాండే లేదు పొమ్మంది. మనలో వెంకట రమణలు, సాయి కిరణ్‌లు, లక్ష్మీ ప్రసన్నలు ఎంతమంది! నా పేరూ రెండు ముక్కలే. మ్యాక్ అకౌంట్ పెట్టేటప్పుడే వాటిని కలిపేసింది కాబట్టి నాకెప్పుడూ తగల్లేదు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని హెల్పర్లు రాయడం మొదలుపెట్టాం. 'విండోస్ అయితే ఇలా' అని ప్రతిచోటా ఒక ఇఫ్ పెట్టబోయాను. "రెండుచోట్లా నడిచే పద్ధతి ఒకటే ఉంటే నన్ను వేరే లెక్క వెయ్యక్కర్లేదు కదా అన్నా" అంది. తన మెషిన్‌ని అనబోయి అలా అందో, కావాలనే అందో.

పద్ధతులు ఉన్నాయి. దారులు అతకడానికి నోడ్‌లోనే పాత్.జాయిన్ ఉంది. చెరపడానికి ఎఫ్ఎస్.ఆర్ఎమ్ ఉంది. నేనే వాడలేదు. ఇక కమాండ్ నడిపే హెల్పర్: మాటలన్నీ ఒకే వాక్యంగా అతికించి షెల్‌కి ఇవ్వకుండా, ఒక్కో ఆర్గ్యుమెంట్‌నీ అరేలో విడివిడిగా పంపుతుంది. పేరు మధ్య ఎంత ఖాళీ ఉన్నా పేరు విరగదు. అన్నీ కలిపి నలభై లైన్లు కూడా కాలేదు.

ఇప్పుడు మా టెస్టులు విండోస్ మీద, మ్యాక్ మీద, పేరులో ఖాళీ ఉన్న ఫోల్డర్‌లోనే నడుస్తాయి. ఆ ఫోల్డర్‌కి పేరు పెట్టింది ఆ అమ్మాయే. నా పేరు పెట్టింది, రెండు ముక్కలుగా.