కింది అంకె

మాస్టారి బీపీ 170/70. ‘కింది అంకె బాగానే ఉందిగా!’ అని ఆయనే మాత్రలు మానేశారు. షుగరు వచ్చి 20 ఏళ్లు. నిరుడు కిడ్నీలూ దెబ్బతిన్నాయి.

డాక్టరు ఆయనకు పెరట్లోని రబ్బరు గొట్టం గుర్తుచేశారు. కొత్తలో నీటి ఒరవడికి సాగేది, ఎండకు బిరుసెక్కింది. షుగరుతో రక్తనాళాలూ అంతే. కిడ్నీ జబ్బు తోడైతే వాటి గోడల్లో కాల్షియం పేరుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ తాకిడి నేరుగా కిడ్నీల్లోని సన్నటి నాళాల మీద పడుతుంది. పై అంకె పెరిగి కిందిది తగ్గడం ఆ బిరుసుకు గుర్తే.

మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. ఆవకాయ జాడీ అటకెక్కింది. సాయంత్రం మొక్కలకు నీళ్లు పెడుతుంటే, ‘‘ఆ గొట్టం మార్చెయ్యరాదూ?’’ అందావిడ.

‘‘దీన్నైతే మార్చొచ్చు’’ అన్నారు మాస్టారు.